చొక్కా వెనుక చేతులు: నేటి బానిసత్వంపై ఒక పాఠం



కొన్నేళ్ల క్రితం నేను ఒక పల్లె విచారణలో సేవ చేస్తున్న రోజులవి. ఒక ఆదివారం పూజ ముగిశాక, కూలి చేసుకొని బ్రతికే ఒక తండ్రి తన కూతురిని వెంటబెట్టుకొని నా గదికి వచ్చాడు. "ఫాదర్ గారూ, అమ్మాయికి నూలు మిల్లులో పని దొరికింది. వయసు కాగితం తెమ్మన్నారు. మంచి పిల్ల అని మీరు రెండు ముక్కలు రాసిస్తే ఏజెంటుకు నమ్మకం కుదురుతుందంట" అన్నాడు. పిల్లకు 16 నిండాయి. పెద్దమ్మాయి పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. మిల్లువారే హాస్టలు, భోజనం చూసుకుంటారట. మూడేళ్లు పని చేస్తే చివర్లో పెద్ద మొత్తం ఒకేసారి చేతికిస్తారట. ముందుగా 20,000 రూపాయలు అడ్వాన్సు. నేను జ్ఞానస్నానపు రిజిస్టరు తీసి కాగితం రాశాను, ఉత్తరం రాశాను, విచారణ ముద్ర వేశాను. అమ్మాయి తలపై చేయి ఉంచి దీవించి పంపాను. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఏడాదిన్నర తరువాత ఆ పిల్ల దగ్గుతో, సగం బరువుతో తిరిగి వచ్చింది. మూడేళ్లు నిండలేదు గనుక చివరి మొత్తం ఇవ్వమని మిల్లువారు అన్నారు. అడ్వాన్సు తిరిగి కట్టమని ఏజెంటు ఇంటిమీదికి వస్తున్నాడు. నేను చూడటానికి వెళితే ఆ పిల్ల చెప్పింది: గేటు దాటడం నెలకొకసారి, అదీ వార్డెనుతో. ఇంటికి ఫోను చేస్తే పక్కన వార్డెను నిలబడుతుంది. ఒక షిఫ్టు అయ్యాక రెండవ షిఫ్టుకు లేపుతారు. నేను, "అమ్మా, ముందే ఎందుకు రాలేదు?" అన్నాను. ఆ పిల్ల తల దించుకొని, "మీరు సంతకం పెట్టారు గదా ఫాదర్, మంచి చోటే అనుకున్నా" అంది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడు దాన్ని చెప్పుకున్నాను. కాని క్షమాపణ పొందినవానికి ప్రాయశ్చిత్తం కూడా ఉంటుంది గదా! ఈ వారం ఈ పాఠం రాయడం అందులో ఒక భాగం అనుకోండి.

బానిసత్వం పోయిందా?

బానిసత్వం అనగానే మనకు సంకెళ్లు, ఓడలు, కొరడాలు గుర్తుకు వస్తాయి. అది ఎప్పుడో పోయిందనుకుంటాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ మరి రెండు సంస్థలతో కలిసి 2022లో ఒక అంచనా ప్రకటించింది. దాని ప్రకారం 2021లో ప్రపంచమంతటా దాదాపు 5 కోట్లమంది బానిసత్వపు స్థితిలో ఉన్నారు. వారిలో 2 కోట్ల 76 లక్షలమందిది బలవంతపు చాకిరి. తక్కినవారు బలవంతపు వివాహాలలో చిక్కుకున్నవారు. చాకిరిలో ఉన్నవారిలో ఎక్కువమంది ప్రభుత్వాల చేతిలో గాక, ప్రైవేటు యజమానుల కింద ఉన్నారు. వారు చేసిన వస్తువులు అంగళ్లకు వస్తాయి, అక్కడినుండి మన ఇళ్లకు వస్తాయి.

ఇది మనకు తెలియని విషయమేమీ కాదు. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి చాకిరి గురించి మన తాతలు చెప్పగా విన్నాం. తాత తీసుకున్న అప్పుకు మనుమడు దొరగారి పొలంలో జీతగాడుగా ఉండేవాడు. నేటి బానిసత్వానికీ ముఖ్యమైన సంకెల అదే: అడ్వాన్సు. ఇనుప గొలుసు కాలిని కడితే, అడ్వాన్సు మాట తప్పకూడదనే పేదవాని నిజాయితీని పట్టి కడుతుంది.

దీన్ని గుర్తుపట్టడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ 11 గుర్తులు చెప్పింది. వాటిలో మన కళ్లముందు కనబడేవి కొన్ని: పనిని గురించి అబద్ధం చెప్పి తీసుకుపోవడం, బయటికి పోనివ్వకపోవడం, గుర్తింపు కాగితాలు తమ దగ్గర పెట్టుకోవడం, జీతం బిగబట్టడం, అప్పుతో కట్టివేయడం, బెదిరించడం, మితిమీరి అదనపు గంటలు చేయించడం. ఆ పిల్ల కథలో ఇవి ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి.

"ఇష్టపడే వచ్చారు గదా!"

ఇది యజమానులు తరచుగా చెప్పే మాట. "ఎవరూ బలవంతం చేయలేదు ఫాదర్, వాళ్లే అడ్వాన్సు తీసుకొని వచ్చారు" అంటారు. ఈ వాదాన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

13వ లియో జగద్గురువులు 1891లో కార్మికుల స్థితిగతులపై 'రేరుం నొవారుం' అనే విశ్వలేఖ రాశారు. అందులో వారి బోధ ఇది: యజమాని, కార్మికుడు ఇద్దరూ ఒప్పుకున్నంత మాత్రాన ఒప్పందం న్యాయమైపోదు. ఆ ఒప్పందానికి పైన ప్రకృతిసిద్ధమైన న్యాయం ఒకటుంది. గత్యంతరం లేక, ఇంతకన్నా చెడ్డది జరుగుతుందన్న భయంతో కార్మికుడు తక్కువకు ఒప్పుకుంటే, అతడు బలాత్కారానికి గురైనట్లే.

సుమారు 90 ఏళ్ల తరువాత, 1982లో మన సుప్రీంకోర్టు దాదాపు ఇదే మాట చెప్పింది. ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణ పనుల కూలీల కేసు అది. రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరిలో 'బలవంతం' అంటే కర్రతో కొట్టడం మాత్రమే కాదు, ఆకలి, పేదరికం కలిగించే ఒత్తిడి కూడా బలవంతమేనని కోర్టు తీర్పు చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే అది బలవంతపు చాకిరి కిందికే వస్తుందని తేల్చింది. శ్రీసభ బోధ, దేశపు చట్టం ఇక్కడ చేతులు కలిపాయి. ఆకలితో ఉన్నవాడు పెట్టిన వేలిముద్రను స్వేచ్ఛ అని పిలవకూడదు.

గురువిద్యాలయంలో మాకు తత్వశాస్త్రం చెప్పేటప్పుడు అరిస్టాటిలు వాదం ఒకటి వచ్చేది. బానిస అంటే ప్రాణమున్న పనిముట్టు అని అతడు తన రాజనీతి గ్రంథంలో రాశాడు. మగ్గంలో నాడె దానంతట అదే ఆడగలిగితే యజమానులకు బానిసల అవసరమే ఉండదని కూడా అన్నాడు. అప్పట్లో అది జరగని పని. ఇప్పుడు నాడె దానంతట అదే ఆడుతోంది, కదురు దానంతట అదే తిరుగుతోంది. అయినా ఆ యంత్రం పక్కన, రాత్రి రెండు గంటలకు, గేటు దాటడానికి వీలులేని ఒక పిల్ల తెగిన దారం ముడివేస్తూ నిలబడి ఉంది. బానిసత్వానికి యంత్రాలు లేకపోవడం కారణం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. మనిషిని పనిముట్టుగా చూసే చూపే దాని అసలు కారణం. పనికోసం మనిషి కాదు, మనిషికోసమే పని అని 2వ జాన్ పాల్ జగద్గురువులు 1981లో తమ విశ్వలేఖలో నేర్పినది ఈ చూపును మార్చడానికే.

ఒక చొక్కా ప్రయాణం

ఒక నూలు చొక్కాను తీసుకుందాం. మొదట పత్తి విత్తనం. సంకర విత్తనం తయారు చేయాలంటే సాయంత్రం పూట ఆడ మొక్క మొగ్గలోని కేసరాలను చేతితో తీసివేయాలి, మరునాటి ఉదయం మగ పువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. పువ్వు పువ్వుకూ ఇలా చేయాలి. మన కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఈ పనికి వేలాదిగా పిల్లలను, అందులోనూ ఆడపిల్లలను పెట్టారని 2000 ప్రాంతంలో వచ్చిన అధ్యయనాలు బయటపెట్టాయి. పిల్లల వేళ్లు సున్నితం అని చెప్పేవారు. అసలు సంగతి వేరు. కంపెనీ విత్తనానికి ఇచ్చే ధర ముందే ఖాయం. ఆ ధరలో పెద్దలకు కూలి ఇస్తే రైతుకు మిగలదు. అందుకని తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి పిల్లలను తెచ్చుకున్నారు.

ఆ తరువాత పత్తి పొలం, జిన్నింగు మిల్లు, నూలు మిల్లు, బట్ట తయారీ, రంగు అద్దకం, కుట్టు కర్మాగారం, చివరికి పేరున్న కంపెనీ అంగడి. తమిళనాడు నూలు మిల్లులలో 'సుమంగళి' అనే పథకం గురించి మీరు వినే ఉంటారు. పెళ్లికాని పేద పిల్లలను సుమారు మూడేళ్లకు తీసుకొని, హాస్టలులో ఉంచి, చివర్లో కట్నానికి పనికొచ్చేలా ఒక మొత్తం ఇస్తామని చెప్పే పద్ధతి అది. మధ్యలో మానుకుంటే ఆ మొత్తం పోయినట్టే. 2011లోను, 2014లోను విదేశీ సంస్థలు దీనిపై నివేదికలు ప్రచురించాక, అక్కడి నూలుతో నేసిన బట్టలు అమ్మే కంపెనీలు ఉలిక్కిపడ్డాయి. వారు కుట్టు కర్మాగారాలను తనిఖీ చేస్తూ వచ్చారు గాని, నూలు మిల్లువరకు చాలామంది వెళ్లలేదు. విత్తనపు పొలందాకా పోయినవారు ఇంకా తక్కువ.

గమనించండి, చొక్కామీద ఒక పేరే ఉంటుంది. దాని వెనుక ఏడెనిమిది యజమానులు ఉంటారు. ఒక్కొక్కరు కిందివానిమీద ధర తగ్గించుకుంటూ పోతే, ఆ బరువంతా చివరికి ఎవరు కాదనలేరో వారిమీద పడుతుంది.

కర్మాగారం యజమాని ఏం చేయాలి?

చట్టాలు కొన్ని వచ్చాయి. బ్రిటన్ 2015లో ఒక చట్టం చేసింది. ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌండ్లు లేక అంతకుమించిన వ్యాపారం ఉన్న కంపెనీ, తన పనిలోను, తనకు సరుకు అందించేవారి పనిలోను బానిసత్వం లేకుండా ఏం చేసిందో ఏటా ప్రకటించాలి. ఆస్ట్రేలియా 2018లో ఇటువంటి చట్టం తెచ్చింది. జర్మనీ 2021లో చేసిన చట్టం 2023 నుండి అమలులోకి వచ్చింది. మన దేశంలో స్టాక్ మార్కెట్టులోని మొదటి 1000 పెద్ద కంపెనీలు బాల కార్మికులు, బలవంతపు చాకిరిపై వచ్చిన ఫిర్యాదులను తమ వార్షిక నివేదికలో చూపాలని సెబీ 2021లో నియమం పెట్టింది. కాని బ్రిటన్ చట్టంలో ఒక లొసుగు ఉంది: ఏ చర్యా తీసుకోలేదని ప్రకటించినా చట్టం నెరవేరినట్లే! కాగితం రాసినంతనే బాధ్యత తీరిందనుకోవడం ఎంత సులభమో, కాగితం రాసి ముద్ర వేసి పంపిన నాకు బాగా తెలుసు.

కాగితంతో ఆగకుండా నిజంగా చేయదలచిన యజమాని చేయవలసినవి ఇవి:

1. తన గేటులోపల పనిచేసే ప్రతివారినీ, కాంట్రాక్టరు తెచ్చినవారితో సహా, తెలుసుకోవాలి. ఎవరు తెచ్చారు, ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఏజెంటు వారిదగ్గర ఎంత తీసుకున్నాడు అని అడగాలి. పనిలో చేర్చుకునే ఖర్చు యజమానిదే. కార్మికుని దగ్గర ఫీజు తీసుకోరాదని 2016లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సూత్రాలు కూడా చెబుతున్నాయి.

2. జీతం నెలనెలా, చీటీతో, కార్మికుని పేరనే ఇవ్వాలి. చివర్లో ఇస్తామని బిగబట్టకూడదు. ఆధారు కార్డు, పాస్‌పోర్టు వంటివి ఎవరివి వారిదగ్గరే ఉండాలి. పని గంటలు అయ్యాక గేటు తెరిచి ఉండాలి.

3. సరుకు ఎక్కడినుండి వస్తోందో ఒక మెట్టు కిందికి గాక, మొదటి మెట్టుదాకా లెక్క తీయాలి. ముందుగా చెప్పి వెళ్లే తనిఖీలో పిల్లలను దాచివేస్తారు, హాస్టలు పిల్లలకు జవాబులు నేర్పుతారు. అందుకని చెప్పకుండా వెళ్లాలి. కార్మికులతో వార్డెను లేకుండా, వారి భాషలోనే మాట్లాడాలి.

4. తన కొనుగోలు ధరను తానే పరీక్షించుకోవాలి. చట్టప్రకారం కూలి ఇస్తే ఆ ధరకు ఆ సరుకు రాదని తెలిసి కూడా ఆ ధరకే బేరమాడేవాడు బానిసత్వాన్ని కొంటున్నాడు. విత్తన కంపెనీలు కొన్ని ఆ తరువాత పిల్లలను పెట్టని రైతుకు అదనపు ధర ఇచ్చే పద్ధతి పెట్టాయి. ఇది సరైన దారి. కూలికి సరిపోయే ధర లేనిదే తనిఖీలు ఎన్ని చేసినా నిలవవు.

5. తప్పు బయటపడితే ఆర్డరు రద్దు చేసి చేతులు దులుపుకోకూడదు. అలా చేస్తే నష్టపోయేది మళ్లీ ఆ పిల్లలే. ముందు వారికి రావలసినది ఇప్పించి, పని తీరు మార్పించి, ఎంతకీ మారనివానిని అప్పుడు వదలాలి.

మన వంతు పాపం ఎంత?

"ఫాదర్, చొక్కా కొన్నందుకు కూడా నేను పాపినేనా?" అని మీరడగవచ్చు. నీతిశాస్త్రం ఇక్కడ ఒక తేడా చూపుతుంది. ఇతరుల చెడుకు మనసారా ఒప్పుకొని తోడ్పడటం ఒకటి. అది ఎప్పుడూ పాపమే. మనసులో ఇష్టం లేకున్నా మన చేత వల్ల ఆ చెడుకు సాయం అందడం మరొకటి. అది దగ్గరిదా దూరపుదా, దాన్ని తప్పించుకునే వీలుందా లేదా అని చూడాలి. పిల్లను తెచ్చిన ఏజెంటుది దగ్గరి సహకారం. ధర తొక్కిపెట్టే కంపెనీది అతనికి దగ్గరలోనే ఉంది. అంగడిలో చొక్కా కొన్న తల్లిది చాలా దూరపుది. దానికి ఆమె మనసు కుమిలిపోనవసరం లేదు. అయితే దూరం అన్నమాట నిద్రమాత్ర కాకూడదు. తెలుసుకునే వీలున్నా తెలుసుకోకుండా ఉండటం కూడా ఒక తప్పే. నాది ఆ తప్పు.

మరొకటి కూడా చెబుతాను. ఒకచోట విచారణ బడికి ప్రహరీ గోడ కట్టించినప్పుడు ఇటుకకు అర్ధరూపాయి తగ్గించమని గట్టిగా బేరమాడాను. తగ్గించారు. కమిటీవారు నన్ను మెచ్చుకున్నారు. ఆ ఇటుక ఎవరు కోశారో అడగలేదు. మన తెలంగాణ బట్టీలకు ఏటా ఒడిశాలోని బలాంగీర్, నువాపడ వంటి జిల్లాలనుండి కుటుంబాలకు కుటుంబాలు అడ్వాన్సు తీసుకొని వస్తాయి. వేయి ఇటుకలకింత అని లెక్క. పిల్లలు కూడా మట్టి తొక్కుతారు, ఇటుకలు తిప్పుతారు. నిర్గమకాండం 5వ అధ్యాయం తెరిచి చూడండి. ఫరో గడ్డి ఇవ్వడం మాని, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. ఆ ఇటుకల బట్టీలనుండి లేచిన మొరనే యావే ప్రభువు విన్నాడు. మన విమోచన చరిత్రే ఇటుక బట్టీలో మొదలైతే, దేవాలయపు గోడకు ఇటుక కొనే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి! కోత కోసినవారి కూలిని బిగబట్టితే ఆ కూలియే దేవుని చెవికి మొరపెడుతుందని పునీత యాకోబు (5:4) హెచ్చరించాడు.

అప్పు కాని అప్పు

ఇక ఆ అమ్మాయి సంగతి. ఏజెంటు అడ్వాన్సు తిరిగి కట్టడానికి ఆమె తండ్రి నన్ను సాయం అడిగాడు. విన్సెంట్ దె పాల్ సభ నిధినుండి ఇప్పిద్దామనుకున్నాను. అది దయ అనుకున్నాను. మన విచారణలోని ఒక లాయరుగారు నన్ను ఆపారు. "ఫాదర్, మీరు కట్టబోయేది అప్పు కాదు. 1976 నాటి వెట్టి చాకిరి రద్దు చట్టం ప్రకారం ఇలాంటి అప్పు ఎప్పుడో రద్దయింది. అది వెట్టి అప్పు కాదని రుజువు చేయవలసింది కూడా వాడే. మీరు కడితే వచ్చే ఏడు ఇంకో నలుగురు పిల్లలను తీసుకుపోతాడు" అన్నారు. వారు రాసిన అర్జీతో మేము ఆర్డీవో కార్యాలయానికి వెళ్లాం. ఏజెంటు ఊరిలోకి రావడం మానాడు. ఆగిన జీతంలో కొంత, చాలా నెలల తరువాత వచ్చింది. ఆరోగ్యం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పుడామె ఊళ్లోనే కుట్టుమిషను పెట్టుకొని బ్రతుకుతోంది.

లాయరుగారి మాట విన్నప్పుడు నాకు పునీత జోసెఫీన్ బఖీతా గుర్తుకు వచ్చింది. సూడాన్‌లోని దార్ఫూరులో సుమారు 1869లో పుట్టిన ఆమెను చిన్నతనంలోనే ఎత్తుకుపోయి అమ్మారు. భయంతో తన పేరే మరచిపోయింది. ఇటలీకి చేరాక, యజమానురాలు తిరిగి తీసుకుపోతానంటే కనోసియన్ మఠకన్యల గడప దాటనని నిలబడింది. 1889లో అక్కడి కోర్టు, చట్టం దృష్టిలో ఆమె ఏనాడూ బానిస కాదని తీర్పు చెప్పింది. ఎవరో ఒకరు చెప్పేవరకు తాను స్వతంత్రురాలినన్న సంగతి ఆమెకు తెలియదు. 1890లో జ్ఞానస్నానం పొంది, తరువాత మఠకన్య అయి, 1947 ఫిబ్రవరి 8న ప్రభువునందు నిద్రించింది. 2000లో ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆమె పండుగ రోజైన ఫిబ్రవరి 8ని, 2015 నుండి, మనుషుల అమ్మకానికి వ్యతిరేకంగా ప్రార్థన దినంగా జరుపుకుంటున్నాం.

మన బట్టీలలో, మిల్లులలో కూడా చట్టం ఎప్పుడో విడిపించినవారు ఇంకా కట్టుబడి ఉన్నారు. ఆ సంగతి వారికి చెప్పేవారు కావాలి.

మన కుటుంబాలలో, విచారణలో

తల్లిదండ్రులారా, పిల్లను పనికి పంపమని ఎవరైనా అడ్వాన్సుతో వస్తే నాలుగు ప్రశ్నలు అడగండి: జీతం నెలనెలా ఇస్తారా? ఇష్టమొచ్చినప్పుడు ఇంటికి రావచ్చా? కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి? మానుకుంటే ఏమవుతుంది? ఒక్కదానికి జవాబు తడబడినా పంపకండి. గల్ఫుకు పంపే ఏజెంటుకూ ఇవే ప్రశ్నలు.

మీలో బట్టీ, మిల్లు, విత్తనపు సాగు, కుట్టు యూనిట్లు నడిపేవారున్నారు. మేస్త్రీలున్నారు. మీమీద నాకు కోపం లేదు, మీకు వచ్చే ధర ఎంతో కూడా తెలుసు. అయినా మీ గేటు దగ్గరే మొదలుపెట్టండి. ఫిలేమోను యజమానియే. పౌలుగారు అతనిని తిట్టలేదు. పారిపోయిన ఒనేసిమును సోదరునిగా చేర్చుకోమని బ్రతిమాలి రాశారు.

మీ ఊరిలో ఎవరైనా అప్పుకు కట్టుబడి ఉన్నట్లు తెలిస్తే ఆర్డీవోకు గాని కలెక్టరుకు గాని అర్జీ ఇవ్వండి. విముక్తి పత్రం ఇచ్చే అధికారం వారిదే. 2016లో సవరించిన కేంద్ర పథకం విముక్తులైన పురుషులకు 1 లక్ష, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు, మరీ దారుణమైన సందర్భాలలో 3 లక్షల రూపాయల పునరావాస సాయం నిర్ణయించింది. పిల్లల విషయమైతే 1098కి ఫోను చేయండి. ఒంటరిగా భయమైతే మీ విచారణ గురువును వెంటబెట్టుకొని వెళ్లండి. ఆయన రానంటే ఈ పత్రిక చూపించండి.

నేను ఇప్పుడు వయసు కాగితం ఇచ్చేముందు ఏజెంటును కూడా గదికి రమ్మంటున్నాను. చాలామంది రారు. రానివారికి కాగితం ఇవ్వను.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి: మన ఇంట్లో ఉన్న ఒక వస్తువు ఎవరి చేతులమీదుగా వచ్చిందో మనకు తెలుసా? మన దగ్గర పనిచేసేవారికి రావలసిన కూలి ఏదైనా ఆగి ఉందా? ఉంటే ఆదివారం పూజకు రాకముందే ఇచ్చి రండి. బలిపీఠం దగ్గర ఆ పూజ మరింత ఫలిస్తుంది.

పునీత జోసెఫీన్ బఖీతా, మా కొరకు ప్రార్థించండి.